ఎనిమిదో నెల లేని రిజిస్టరు

మా ఇంట్లో నన్ను ఎవరు తిట్టాలన్నా ఒకటే తిట్టు. "ఏడో నెల్లో పుట్టిన బుద్ధులు ఎక్కడికి పోతాయి?" అన్నం ఉడక్కముందే మూత తీసినా, బస్సు ఆగకముందే దిగబోయినా, ఎదుటి మనిషి మాట పూర్తవకముందే జవాబు చెప్పినా అదే మాట. మా నాయనమ్మ మొదలుపెట్టింది, నాన్న అందుకున్నాడు, పెళ్ళయిన వారానికల్లా మా ఆయన కూడా నేర్చేసుకున్నాడు. అమ్మ మాత్రం ఎప్పుడూ ఆ మాట అనేది కాదు. అమ్మకు నా మీద ప్రేమ ఎక్కువ కాబట్టి అనదని అనుకునేదాన్ని.

నిజానికి నేను దాన్ని తిట్టుగా తీసుకోలేదు. మా వైపు ఏడో నెల బిడ్డంటే ఒక లెక్క ఉంది. ఏడో నెల్లో పుట్టిన బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల్లో పుట్టిన బిడ్డ బతకదు. మా మిరప పొలాల్లో ఏ ముసలమ్మనడిగినా ఈ మాటే చెబుతుంది. ఎందుకని అడిగితే "అదంతే" అంటుంది. తొమ్మిదికి ఎనిమిది దగ్గర కదా, ఏడు దూరం కదా, దూరంగా ఉన్నది బతికి దగ్గరగా ఉన్నది ఎలా పోతుందని లెక్క చెప్పబోతే, "నువ్వు చదువుకున్నావులే" అని అటు తిరిగి తన పని తాను చూసుకుంటుంది.

ఆ ముసలమ్మల మధ్యే నేను ముప్పై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశాను. గుంటూరు నుంచి ఒంగోలు వెళ్ళే దారికి కాస్త లోపలగా, పత్తీ మిరపా తప్ప మరో మాట వినపడని ఒక చిన్న టౌన్లో సర్కారు ఆసుపత్రి. అందులో పసిపిల్లల గది. నేను అక్కడ స్టాఫ్ నర్సుని. పిల్లలకు వెచ్చగా ఉండే వార్మర్లు రెండు ఉండేవి, అందులో ఒకటి ఎప్పుడూ రిపేరులో ఉండేది. కోతల కాలం వస్తే ఎదురుగా ఉన్న కళ్ళాల్లో ఎండుమిరపకాయలు పోసేవాళ్ళు. మధ్యాహ్నం గాలి తిరిగిందంటే ఆ ఘాటు కిటికీలోంచి వచ్చేది. పుట్టి గంట కాని పిల్లలు కూడా వరసగా తుమ్మేవాళ్ళు. "మన ఊరి బిడ్డేలే, అలవాటవుద్ది" అని ఆయా నవ్వేది.

మా గదిలో వాష్ బేసిన్ దగ్గర సబ్బు పక్కన నూనె సీసా ఉండేది. పెద్ద ఆసుపత్రుల నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు అదేమిటని అడిగేవాళ్ళు. కోతకెళ్ళిన ఆడవాళ్ళు నొప్పులొస్తే చేలోంచి నేరుగా ఆటో ఎక్కి వచ్చేసేవాళ్ళు. మిరపకాయల చేతులు వట్టి సబ్బుకు లొంగవు. ముందు నూనె, తర్వాత సబ్బు, ఆ తర్వాతే బిడ్డ. కోడళ్ళకు, అత్తలకు, అమ్మమ్మలకు, మొగుళ్ళకు, అందరికీ ఇదే చట్టం. ఎవరైనా మర్చిపోయి బిడ్డ చెంప ముట్టుకుంటే నా నోటికి మూత ఉండేది కాదు. ఇప్పుడు ఆ గదిని కొత్త బిల్డింగులోకి మార్చారట, గోడకు నొక్కితే చుక్కలు పడే మందు పెట్టారట. మంచిదే. నాకు మాత్రం పసిపిల్లలనగానే ఇప్పటికీ పాలవాసనతో పాటు వేరుశెనగ నూనె వాసన గుర్తొస్తుంది.

మా అసలు తలనొప్పి నెలల లెక్క. ఇప్పుడంటే నెల తప్పగానే స్కానింగు తీస్తున్నారు, ఎన్ని వారాలో అందులోనే వస్తోంది. అప్పట్లో చాలామంది కాన్పుకు వచ్చేదాకా స్కానింగు ముఖం చూసేవాళ్ళు కాదు. చివరిసారి నెలసరి ఎప్పుడయిందమ్మా అంటే, "పత్తి గింజలు పెట్టినప్పుడు" అని ఒకామె, "మిరపకు రెండో మందు కొట్టిన వారం" అని ఇంకొకామె చెప్పేవాళ్ళు. నేను రైతు ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నాకు ఆ క్యాలెండరు బాగానే అర్థమయ్యేది. కానీ కాలువ నీళ్ళొచ్చే ఊళ్ళో ఒక వారం, బోరు కింద పొలంలో ఇంకో వారం, వాన కోసం చూసే చోట మరో నెల. అందుకని తల్లి చెప్పేది కాక బిడ్డ ఒళ్ళు ఏం చెబుతుందో చూడాలి.

దానికొక మార్కుల కాగితం ఉంది. బిడ్డ పుట్టాక ఒంటి మీద గుర్తులు ఒక్కొక్కటీ చూసి మార్కులు వేస్తాం. అరికాలి మీద గీతలు ఎంత దూరం పడ్డాయి, చెవి మడిచి వదిలితే ఎంత తొందరగా తిరిగి లేస్తుంది, చనుమొన కింద ముద్ద చేతికి తగులుతుందా, వీపు మీద నూగు ఉందా రాలిపోయిందా, చెయ్యి మెడ చుట్టూ కండువాలా లాగితే మోచెయ్యి ఎక్కడిదాకా వస్తుంది. ఇలా పన్నెండు. అన్నీ కూడితే ఎన్ని వారాల బిడ్డో తెలుస్తుంది. కొత్తగా వచ్చిన నర్సులు కాగితం పక్కన పెట్టుకుని అరగంట తంటాలు పడేవాళ్ళు. నేను అరికాలు చూసి, చెవి ఒకసారి మడిచి వారాలు చెప్పేదాన్ని. డాక్టర్లు కూడా "సిస్టర్ ఎంతందో అంతే రాయండి" అనేవాళ్ళు. నా చేతుల మీద నాకు అంత గర్వం ఉండేది. ఆ గర్వం సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక ఆడపిల్ల పుట్టింది. చిన్నదే కానీ గట్టిగా ఏడ్చింది. నేను మార్కులు వేసి, కూడి, తెలివైనదాన్నని అందరికీ తెలియాలన్నట్టు బయటికొచ్చి ఆ పిల్ల నాయనమ్మతో చెప్పాను. "ఎనిమిదో నెల బిడ్డమ్మా, జాగ్రత్తగా చూసుకోవాలి."   సాయంత్రం నేను డ్యూటీ దిగేసరికి బిడ్డను బట్టలో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయారు. తల్లి ఏడుస్తుంటే, "పోయేదాన్ని ఇక్కడెందుకు పెట్టుకోవడం, ఇంటి దగ్గరే పోనీ" అందట ఆ నాయనమ్మ.

అయిదో రోజు ఆ తల్లి ఒక్కతే వచ్చింది. రొమ్ముల్లో పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. పాలు పిండుతుంటే నా మొహంలోకి చూడకుండా గోడవంక చూస్తూ కూర్చుంది. బిడ్డకు ఒక్క పూట కూడా సరిగా పాలు పట్టనివ్వలేదని చెప్పింది. ఎటూ బతకని బిడ్డకు పాలిస్తే మమకారం పెరుగుతుందని అత్త అడ్డం పడిందట. నేను ఆ పాలు గిన్నెలో పట్టి పారబోశాను. ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను. నేను "ఎనిమిది" అనకపోయి ఉంటే ఆ పిల్ల బతికేదని నాకు ఆ రోజు అనిపించింది, ఈ రోజుకీ అనిపిస్తుంది.

ఆ తర్వాత నా నోట్లోంచి ఎనిమిదో నెల అన్న మాట రాలేదు. మొదట్లో తెలిసే అబద్ధం చెప్పేదాన్ని. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసి, బయట మాత్రం బక్కగా ఉన్న బిడ్డయితే ఏడని, కాస్త బొద్దుగా ఉంటే తొమ్మిది పడిందని చెప్పేదాన్ని. తర్వాత ఎవరైనా కాగితం చదివి బయట చెప్పేస్తారేమోనని భయం వేసింది. ఒక మార్కు ఇటు, ఒక మార్కు అటు వేయడం మొదలుపెట్టాను. గీత ఉందా లేదా అన్న అనుమానం వస్తే ఉందనుకున్నాను. చెవి నెమ్మదిగా లేస్తే చప్పున లేచిందనుకున్నాను. కొన్నేళ్ళకు అనుమానం రావడమే మానేసింది. మొదట నోరు నేర్చుకుంది, తర్వాత చెయ్యి, ఆఖరికి కన్ను. నేను అబద్ధం రాస్తున్నానని ఆ రోజుల్లో ఎవరైనా అంటే వాళ్ళ మీద పడి కొట్టేదాన్ని. ఎందుకంటే నాకు నిజంగానే అలా కనిపించేది.

అలా పదిహేనేళ్ళు గడిచాయి. అప్పుడు రాయలసీమ వైపు నుంచి బదిలీ మీద ఒక పిల్లల డాక్టరు వచ్చింది. నాకంటే పదేళ్ళు చిన్నది, సన్నగా, కళ్ళద్దాలు పెట్టుకుని, మాట మెల్లగా. వచ్చిన మూడో రోజే ఒక కొత్త పద్ధతి పెట్టింది. తల్లి కేసు షీటు బోర్లా పెట్టాలి. బరువు తూచకముందే బిడ్డను చూడాలి. నేను చూసి నా మార్కులు ఒక కాగితం మీద, ఆమె చూసి ఆమె మార్కులు ఇంకో కాగితం మీద వేసి, ఒకరివి ఒకరు చూడకుండా కవర్లో పెట్టి అంటించాలి. వారానికోసారి శనివారం తెరిచి చూసుకోవాలి.

"ఎందుకండీ మేడమ్ ఇదంతా? కోడిగుడ్డు మీద ఈకలు పీకడం కాకపోతే," అన్నాను.

"బరువు తెలిస్తే చెయ్యి బరువు వైపు పోతుంది, తేదీ తెలిస్తే తేదీ వైపు పోతుంది సిస్టర్. నాకూ అంతే. అందుకే," అంది.

ఎవరి చెయ్యి ఎటు పోతుందో చూద్దాం అనుకున్నాను. మొదటి శనివారం అయిదు కవర్లు తెరిస్తే అయిదింట్లోనూ మావి ఒకటి రెండు మార్కుల తేడాతో కలిశాయి. అవన్నీ నెలలు నిండిన బిడ్డలు. ఆ రోజు నా సొంత డబ్బుతో అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాను. ఆమెకు మా ఊరి కారం అలవాటు లేదు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తింది. నాకు చాలా సంతోషం వేసింది.

తర్వాత ఒకటి రెండు కవర్లలో తేడా వచ్చినా మామూలేనని నేను కొట్టిపారేశాను. అలా నెలన్నర అయ్యాక, రెండో కోతల రోజుల్లో, ఒక పొద్దున కాన్పుకు ఒక అమ్మాయి వచ్చింది. మార్టూరుకు అవతల ఏదో పల్లె. కోతలో ఉండగా నొప్పులొచ్చాయి. వెంట వచ్చిన అత్త చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. రాగానే కాన్పయింది, ఆడపిల్ల. కేసు షీటు బోర్లా పెట్టే ఉంది. కానీ బిడ్డను లోపలికి తెస్తుంటే ఆ అత్త గుమ్మంలో నా కొంగు పట్టుకుంది. "మిరప నారు పోసినప్పుడు ఆఖరుసారి బయట చేరింది నర్సమ్మా. నా లెక్కలో ఎనిమిది కూడా నిండలా. ఎన్నో నెలో నువ్వు చూసి చెప్పు. అంతకుముందు పిల్లోడు కూడా దక్కలా మాకు."

షీటును బోర్లా పెట్టగలం గానీ ఆ ముసలామె మొహాన్ని ఎలా బోర్లా పెడతాం? నాకు పదిహేనేళ్ళ కిందటి నాయనమ్మ గుర్తొచ్చింది. బిడ్డను వార్మర్లో పెట్టి అరికాలు చూశాను. మడమ దగ్గరి దాకా గీతలు కనిపించాయి. చెవి మడిస్తే చప్పున లేచింది. ముద్ద కూడా చేతికి తగిలింది. కూడితే ముప్పై మార్కులు, అంటే ముప్పై ఆరు వారాలు. బరువు రెండు కిలోలకు కాస్త తక్కువ. తల్లి బక్కదిలే, బిడ్డ చిన్నగానే ఉంటుంది అనుకున్నాను. డాక్టరమ్మ కూడా వచ్చి చూసి, తన కాగితం కవర్లో పెట్టింది. "ఏం తొందరపడొద్దు సిస్టర్, ముందు కాస్త చూద్దాం," అని ఓపీకి వెళ్ళింది. ఆ మాట నేను వినీ వినలేదు. తొందర నా పుట్టుకలోనే ఉందాయె.

బయటికొచ్చి అత్తతో చెప్పాను. "తొమ్మిదో నెల పడింది పెద్దమ్మా. భయం లేదు." ఆమె రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టింది. నూనె రాసుకుని, సబ్బుతో కడుక్కుని, మళ్ళీ నూనె రాసుకుని లోపలికొచ్చింది. ముప్పై ఆరు వారాల బిడ్డ రొమ్ము పట్టుకుని తాగగలదు కదా అని నేనే బిడ్డను తల్లి ఒళ్ళో పెట్టాను.

రెండు గుక్కలు తాగింది. మూడో గుక్కకు మింగడమా, ఊపిరి తీసుకోవడమా అన్నది దానికి తెలియలేదు. ముప్పై నాలుగు వారాలు దాటని బిడ్డలకు ఆ రెండూ కలిపి చేయడం రాదు, అది నర్సింగు మొదటేడు పాఠం. పెదవులు నీలంగా మారాయి, తర్వాత మొహమంతా. ఒంట్లో బిగువు పోయింది. నేను బిడ్డను లాక్కుని గొంతులో పాలు తీసి, వీపు రుద్ది, మొహానికి మాస్కు పెట్టి గాలి సంచి నొక్కడం మొదలుపెట్టాను. ఆయా ఓపీకి పరిగెత్తింది. డాక్టరమ్మ చెప్పులు వదిలేసి వచ్చింది. ఎంతసేపు నొక్కానో నాకు తెలియదు. ఆ అత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆఖరికి బిడ్డ దగ్గింది, మూలిగింది, సన్నగా ఏడ్చింది. నేను నేల మీద కూలబడ్డాను.

ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి, దాంట్లోంచే పాలు పోయాలని డాక్టరమ్మ చెప్పింది. శనివారం దాకా ఆగలేదు. ఆ కవరు అక్కడే చింపింది. నాది ముప్పై ఆరు వారాలు. ఆమెది ముప్పై మూడు.

నాకు సిగ్గేయలేదు, కోపం వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముందు కాగితాన్ని తిట్టాను. తర్వాత, "మీరు అక్కడెక్కడో బలమైన పిల్లల్ని చూసొచ్చారు, మా పిల్లలు ఇలాగే ఉంటారు," అన్నాను. ఆమె వాదించలేదు. బీరువాలోంచి పాత కవర్లన్నీ తీసి బల్ల మీద పరిచింది. నిండు నెలల పిల్లలందరి దగ్గరా మావి కలిశాయి. ఆమె ముప్పై రెండు, ముప్పై మూడు అన్న చోటల్లా నావి ఒకటి ముప్పై, ఇంకోటి ముప్పై ఆరు.

"సిస్టర్, ఈ ఊళ్ళో ఎనిమిదో నెల్లో ఎవరూ కనరా?" అని అడిగింది. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగింది.

ఆమె తప్పని చూపించడానికి నేను పాత రిజిస్టర్లు దించాను. దుమ్ము దులిపి పేజీలు తిప్పాను. ఇరవై ఎనిమిది, ముప్పై, ముప్పై, ముప్పై అయిదు, ముప్పై ఆరు. ఇంకో పేజీ. ఇంకో ఏడు. నా గుండ్రటి చేతిరాత, నేనే గీసిన గళ్ళు. ముప్పయ్యొకటి నుంచి ముప్పై నాలుగు దాకా, మా వాళ్ళు ఎనిమిదో నెల అనే ఆ నాలుగు వారాల్లో పుట్టిన బిడ్డ ఒక్కటీ లేదు. నేను చేరిన మొదటి రెండు మూడేళ్ళలో ఉన్నారు. తర్వాత లేరు. ఊరు ఊరంతా ఆ నెలను ఎగరేసి కన్నట్టుంది.

"ఇప్పుడు పాదం ఒకసారి చూడండి," అంది డాక్టరమ్మ. వెళ్ళి చూశాను. వేళ్ళ కింద, పాదం ముందు భాగాన రెండు గీతలు. మిగతాదంతా నున్నగా ఉంది. పొద్దున అదే పాదం మీద మడమ దాకా గీతలు చూశాను నేను. ఒట్టు, చూశాను. అప్పుడు ఏడ్చాను. ఎంతమంది పిల్లలకు ఇలా చేశానో, వాళ్ళలో ఎవరు ఇంటికెళ్ళాక పాలు మింగలేక పోయారో నాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. డాక్టరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. పాత సంగతి, ఆ మొదటి ఆడపిల్ల సంగతి, ఆమెకు అప్పుడే చెప్పాను. విని కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "నేనైనా అలాగే చేసేదాన్నేమో సిస్టర్. కానీ బిడ్డకు ఆ సంగతి తెలియదు కదా," అంది.

ఇంతలో అత్త గుమ్మంలోకి వచ్చింది. "తొమ్మిదో నెల పడిందన్నావుగా నర్సమ్మా, మరి ఈ గొట్టం ఎందుకు?"

డాక్టరమ్మ నాకంటే ముందే చెప్పింది. "ముప్పై మూడు వారాలమ్మా. ఇంకా పాలు తాగడం రాదు, నేర్చుకుంటుంది."

ముసలామె వేళ్ళ కణుపులు లెక్కపెట్టింది. ఎర్రటి బొటనవేలు ఒక్కో కణుపు మీద ఆగుతూ వెళ్ళింది. తర్వాత డాక్టర్ని కాదు, నన్నే చూసింది. "వారాలు నాకు తెలవదు. ఎన్నో నెల?"

ఎప్పట్లాగే ఏడనొచ్చు. ఆ మాట నా నాలుక చివరే ఉంది. లోపల గొట్టంతో పడుకున్న బిడ్డను ఈమె ఇప్పుడు బట్టలో చుట్టుకుని తీసుకుపోతే అది ఆటోలోనే పోతుంది. నిజం చెబితే తీసుకుపోతుంది, అబద్ధం చెబితే బతికే బిడ్డేగా అని గొట్టం తీయించి మళ్ళీ రొమ్ముకు పెట్టిస్తుంది.

"ఎనిమిదో నెలే," అన్నాను.

ఆమె చెయ్యి కొంగు మీదికి వెళ్ళింది. తీసుకుపోవడానికి లేస్తోందని నాకు అర్థమైంది. గుమ్మానికి అడ్డంగా నిలబడి అరిచాను. "ఏం, ఎనిమిదో నెల బిడ్డలు బతకరని ఎవరు చెప్పారు నీకు? నేను ఎనిమిదో నెల బిడ్డనే! చూడు, ఎట్లా ఉన్నానో! నాలుగు ఊళ్ళకు వినపడేట్టు అరుస్తున్నానా లేదా?"

అంత పచ్చి అబద్ధం నా జన్మలో ఆడలేదు. ఆ క్షణాన ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది. ముసలామె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. అప్పటికే నేను మనిషిని కాస్త భారీ. "నువ్వా?" అంది. "నేనే," అన్నాను. "మీ అమ్మ నీకు పాలిచ్చిందా?" అంది. "ఇయ్యకపోతే ఇంత ఒళ్ళు ఎట్టా వచ్చింది?" అన్నాను. ఆమె మెల్లగా గోడకు ఆనుకుని కూర్చుంది. "ఈ గొట్టం ఎన్నాళ్ళు?" అని అడిగింది.

పదహారు రోజులు. ఆ పదహారు రోజులూ ఆ అత్త కదల్లేదు. పొలంలో కాయ రాలిపోతోందని కొడుకు వచ్చి గోలపెడితే, "కాయ రాలితే వచ్చే ఏడు కాస్తది పోరా," అంది. పూటకోసారి నన్ను చూసి పోయేది, నేను ఇంకా బతికే ఉన్నానా లేదా అన్నట్టు. పదిహేడో రోజు బిడ్డ తనంతట తాను రొమ్ము పట్టి తాగి, గుటక వేసి, ఊపిరి తీసుకుని, మళ్ళీ తాగింది. నేనూ డాక్టరమ్మా గుమ్మం పక్కన నిలబడి గుటకలు లెక్కపెట్టాం.

ఆ తర్వాత నేను ఏ బిడ్డ ఒంటి మీదా చెయ్యి వేసేముందు గుమ్మం వైపు వీపు పెట్టి నిలబడటం అలవాటు చేసుకున్నాను. బయట ఎవరున్నారో, ఏం అడుగుతున్నారో వినకుండా ముందు పాదం. రిజిస్టర్లోకి ఎనిమిదో నెల తిరిగి వచ్చింది. బయట మాత్రం ప్రతి ముసలమ్మకూ నేను ఎనిమిదో నెల బిడ్డనేనని చెబుతూ పోయాను. ఆ ఒక్క అబద్ధం అట్టే పెట్టుకున్నాను. డాక్టరమ్మ రెండేళ్ళకు బదిలీ అయి వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు ఆమెకు మూడు కిలోల గుంటూరు కారం కట్టించి ఇచ్చాను. దాన్ని ఎలా తిందో, ఎవరికి పంచిందో.

నేను రిటైరయి రెండేళ్ళు కావస్తోంది. అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఈ ఏడాది రెండో కోత అయ్యాక మా తమ్ముడు ఒక బస్తా ఎండుమిరపకాయలు దించి వెళ్ళాడు. అమ్మ వసారాలో చాప వేసుకుని తొడిమలు తీస్తోంది. అప్పుడే ఆ మార్టూరు వైపు అత్త వచ్చింది. నడుము వంగింది గానీ గొంతు తగ్గలేదు. వెంట పొడుగాటి ఆడపిల్ల, రెండు జడలు, చేతిలో స్వీటు డబ్బా. "నర్సింగులో సీటొచ్చిందమ్మా దీనికి. ముందు నీకే చెప్పాలని తీసుకొచ్చా," అంది. ఆ పిల్ల పాదాలకు చెప్పులు లేవు, గుమ్మంలో విప్పేసి వచ్చింది. నేను సిగ్గు లేకుండా ఆ పాదాల వంకే చూస్తూ కూర్చున్నాను.

ముసలామె చాప మీద అమ్మ పక్కన కూలబడి, తనూ నాలుగు కాయలు తీసుకుని తొడిమలు తుంచడం మొదలుపెట్టింది. "నీ బిడ్డ కూడా ఎనిమిదో నెల బిడ్డేనంటగా పెద్దమ్మా," అంది అమ్మతో. "ఆ మాట వినే ఆ రోజు దీన్ని ఆసుపత్రిలో ఉంచా. లేకపోతే ఇది ఏడ ఉండేది?"

అమ్మ చేతులు ఆగిపోయాయి. నాకు తిట్లు తప్పవనుకున్నాను. వాళ్ళు కాఫీ తాగి వెళ్ళేదాకా అమ్మ ఆ ఒక్క మిరపకాయనే పట్టుకుని కూర్చుంది.

వాళ్ళ ఆటో వెళ్ళాక అడిగింది. "ఎవరు చెప్పారే నీకు?"

"ఏది?"

"ఎనిమిదో నెలని."

"ఎవరూ చెప్పలేదమ్మా. ఆ పిల్ల కోసం నేనే కల్పించాను," అని నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"మంత్రసాని నీ పాదాలు చూసి చెప్పింది," అంది. "నా లెక్కా అంతే. గడప అవతల మీ నాయనమ్మ నిలబడి, ఎన్నో నెలే, ఎన్నో నెలే అంటోంది. నేను మంత్రసాని చెయ్యి పట్టుకున్నా. ఆమె నా మొహం చూసింది, నిన్ను చూసింది. ఏడో నెలమ్మా, బతుకుద్ది, పాలు పట్టించండి అని అరిచింది. అప్పుడు పట్టనిచ్చింది మీ నాయనమ్మ."

 ఇన్నేళ్ళూ నేను పెట్టుకున్న గర్వమూ, తిన్న తిట్లూ, నా తొందరా, అన్నీ ఎవరో మంత్రసాని ఒక్క అరుపులో పెట్టిపోయినవి. ఆమె పేరు కూడా అమ్మకు గుర్తులేదు. అమ్మ మిరపకాయల చేత్తో కళ్ళు తుడుచుకోబోతే నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. నూనె సీసా తెచ్చి, ఆ చేతులకు నేనే నూనె రాశాను.

"నాయనమ్మ పోయి నలభై ఏళ్ళయిందిగా. తర్వాతైనా చెప్పొచ్చుగా నాకు," అన్నాను.

అమ్మ గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "చెబితే నీకేమన్నా అవుద్దేమోనని."

"నాకు అరవై దాటాయమ్మా."

"అయినా సరే," అంది అమ్మ. "ఎవరితోనూ అనకు."